ఎర్ర కాలరు నల్లగా పడిన ఫోటో: ఒక గుర్రపు దళం బ్యాండుకు రంగులేసిన కేసు

పాత ఫోటోలు బాగుచేయడం, అడిగితే రంగులేసి ఇవ్వడం మా పని. హైదరాబాద్‌లో చిన్న స్టూడియో. వచ్చేవాటిలో ఎక్కువ పెళ్లి ఫోటోలు, తాతముత్తాతల ఫోటోలు. మిలిటరీవి ఎప్పుడో గానీ రావు. ఈ కేసులో రంగు వేయడం కన్నా అసలు రంగేమిటో తేల్చడానికే ఎక్కువ టైమ్ పట్టింది. పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ గుర్రపు దళాల బ్యాండు ఫోటో ఎవరి చేతికైనా వస్తే పనికొస్తుందని పద్ధతి మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

పని తెచ్చింది ఇంగ్లాండులో స్థిరపడిన ఒక తెలుగావిడ. భర్తది అక్కడి కుటుంబమే. మామగారికి ఎనభై నిండుతున్నాయి, ఆయన తాతగారు ఒక గుర్రపు దళం బ్యాండులో కుర్రాడిగా చేరి క్లారినెట్ వాయించేవారట. ఇంట్లో మిగిలింది ఒక్కటే గ్రూప్ ఫోటో. దాన్ని రంగుల్లో పెద్దది చేయించి కానుకగా ఇవ్వాలని ఆవిడ ఆలోచన. ఫోటోతో పాటు రెండు మాటలు కూడా వచ్చాయి: "ఇది 10వ హుస్సార్ల బ్యాండు. కోట్లకి మంచి ఎరుపు వేయండి." హుస్సార్లు అంటే తేలిక గుర్రపు దళాల్లో ఒక రకం.

మొదట వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ చూసి ఏమీ చెప్పలేం. 1200 డీపీఐలో, 16 బిట్ టిఫ్ ఫైలుగా స్కాన్ చేయించి పంపమన్నాను. ఆల్బుమెన్ ప్రింటు అది. కోడిగుడ్డు తెల్లసొనతో పూత వేసిన కాగితం కాబట్టి తెల్లగా ఉండాల్సిన చోట్లన్నీ పసుపెక్కాయి. అట్ట అంచులు ఎవరో కత్తిరించారు, స్టూడియో పేరు పోయింది. కుడివైపు కింద మూల పెద్ద తేమ మరక. ఇటుక గోడ ముందు ఇరవై మందికి పైగా మూడు వరుసల్లో ఉన్నారు. ఎత్తయిన బొచ్చు టోపీలు, ఛాతీ మీద అడ్డంగా తాళ్ల అల్లిక, చేతుల్లో ఇత్తడి వాద్యాలు, క్లారినెట్లు.

స్కాన్ వచ్చేలోపు మా కుర్రాడు వాట్సాప్ బొమ్మనే ఒక ఆటోమేటిక్ కలరైజర్‌లో పెట్టి చూశాడు. కోట్లు గోధుమరంగు, కాలర్లు నలుపు, టోపీ పక్కన వేలాడే గుడ్డ సంచి బూడిదరంగు, తాళ్లు నలుపు. చూడ్డానికి బాగానే ఉంది. చూసినవాడెవడూ అనుమానించడు. అదే దాంతో చిక్కు.

"అన్నా, కాలరు నలుపే కదా, అంత క్లియర్‌గా కనపడుతుంటే!" అన్నాడు వాడు.

ప్లేటుకి ఎరుపు కనపడదు

ఆ కాలంలో ఫిల్ము బదులు వాడిన గాజు ప్లేట్లలో తడి కొలోడియన్ ప్లేటుకి గానీ, 1880 ప్రాంతం నుంచి వాడకంలోకొచ్చిన పొడి జెలటిన్ ప్లేటుకి గానీ నీలం, ఊదా, కంటికి కనిపించని అతినీల కాంతి తప్ప మిగతా రంగులు దాదాపు సోకవు. ఎరుపు నల్లగా పడుతుంది. పసుపు ముదురుగా పడుతుంది. నీలం మనం అనుకున్న దానికన్నా లేతగా పడుతుంది. 1880లలో వచ్చిన ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లు పసుపు, ఆకుపచ్చ వరకు కాస్త బాగుచేశాయి గానీ ఎరుపు సంగతి మారలేదు. అన్ని రంగులూ పట్టే ప్యాంక్రొమాటిక్ ప్లేట్లు మార్కెట్లోకి వచ్చింది 1906లో. ఇదేదో ఇంగ్లాండు ప్లేట్ల జబ్బే అనుకోవద్దు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్ దయాళ్ కాలపు గాజు ప్లేట్లదీ ఇదే కథ. నిజాం దర్బారు ఫోటోల్లో నల్లగా కనపడే ప్రతి తలపాగా నల్లదే అనుకుంటే తప్పులో కాలేసినట్టే.

మాటలతో చెబితే మా కుర్రాడికి ఎక్కలేదు. సుల్తాన్ బజార్‌కి పంపి నాలుగు ముక్కలు తెమ్మన్నాను: మంచి ఎర్రటి ఉన్ని గుడ్డ, ముదురు నీలం సూటు గుడ్డ, కాస్త లేత నీలం ముక్క, పసుపు నూలు తాడు. దాంతో పాటు ఇంట్లోంచి పాత పట్టుచీర జరీ అంచు తెచ్చాను. అన్నీ పక్కపక్కన పెట్టి, కిటికీ వెలుగులో మామూలు డిజిటల్ కెమెరాతో తీసి, ఫోటోషాప్‌లో ఛానళ్లు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల్ని విడివిడిగా చూపే పొరలు) తెరిచి, నీలం ఛానల్ ఒక్కటే ఉంచాం. పాత ప్లేటు చూపుకి ఇంచుమించు దగ్గరగా వచ్చేది అదే. ఎర్ర గుడ్డ బొగ్గులా మారింది. ముదురు నీలం దానికన్నా ఒక మెట్టు తేలిగ్గా ఉంది. లేత నీలం దాదాపు తెల్లబడింది. పసుపు తాడు నీలం గుడ్డ మీద పెడితే కలిసిపోయి, తాడు ఉబ్బు వల్ల పడే వెలుగుగీత మాత్రమే మిగిలింది. జరీ మాత్రం తళుక్కున మెరిసింది. అది లోహం, ఆకాశం వెలుగుని తిప్పికొడుతుంది కాబట్టి తన రంగుతో దానికి పని లేదు. కళ్ల ముందు రెండు పసుపులు రెండు వేరు వేరు షేడ్లుగా విడిపోయేసరికి వాడికి విషయం అర్థమైంది.

ఈ నాలుగు ముక్కలే తర్వాత మొత్తం పనికి కొలబద్ద అయ్యాయి.

ఏ రెజిమెంటు?

కోటు నీలం అని తేల్చడం సులువు. ఛాతీ మీద అడ్డంగా ఆరు వరుసల తాడు, పక్కన సంచి వేలాడే బస్బీ అనే బొచ్చు టోపీ ఉంటే హుస్సార్లు. హుస్సార్ల కోటు ముదురు నీలం. బ్రిటిష్ సైనికుడంటే ఎర్రకోటే అన్నది కాల్బలం చూసి వచ్చిన అలవాటు. నాలుగో విలియం రాజు 1830ల మొదట్లో మిగతా తేలిక గుర్రపు దళాలైన లైట్ డ్రాగూన్లకి, లాన్సర్లకి కూడా ఎరుపు తొడిగించాడు. 1840లో వాళ్లందరూ తిరిగి నీలంలోకి వచ్చారు, 16వ లాన్సర్లు మాత్రం ఎరుపు వదల్లేదు. ఇక్కడ ఆ గొడవ లేదు. ఛాతీ తాళ్ల కోటు ఈ రూపంలోకి వచ్చింది 1850ల రెండో సగంలో, పొట్టి జాకెట్టు, భుజాన వేలాడే పెలిస్ అనే రెండో జాకెట్టు రద్దయ్యాక. అంటే ఫోటో ఆ తర్వాతిదే.

ఆ నీలం నీలిమందు రంగు. ఆ రోజుల్లో మన కడప, నెల్లూరు జిల్లాల్లో కూడా విస్తారంగా పండి ఓడలెక్కిన సరుకే. ఉన్ని మీద ఎక్కితే దాదాపు నలుపు అనిపించేంత ముదురు, ఎండలో తెలుస్తుంది నీలం అని.

అసలు ప్రశ్న 10వ హుస్సార్లా, కాదా. 10వ వాళ్ల కర్నల్ స్వయంగా వేల్స్ యువరాజు, ఫ్యాషన్‌కీ హోదాకీ పేరుమోసిన రెజిమెంటు. ఇంటి కథల్లో తాతలు ఎప్పుడూ అలాంటి చోటికే బదిలీ అవుతుంటారు! వాళ్ల బస్బీ సంచి ఎరుపు, కుచ్చు నలుపు తెలుపు. మన ఫోటోలో సంచి తేలిక బూడిద, కుచ్చు పూర్తిగా తెలుపు. సంచి ఎరుపైతే ప్లేటు మీద నల్లగా పడాలి. కాబట్టి 10వ వాళ్లు కారు. అదే లెక్కన ఎర్ర సంచి ఉన్న 7, 8, 15 కూడా పోయాయి. ముదురు ఎరుపు సంచి ఉన్న 11 కూడా పోయింది, వాళ్లకైతే ఎర్ర ప్యాంట్లు కూడా ఉంటాయి.

తర్వాత కాలరు. చాలామంది హుస్సార్లకి కాలరు కోటు రంగే. వేరే రంగు కాలరు ఉన్నవి రెండే: 3వ హుస్సార్లది ఎరుపు, 13వ హుస్సార్లది బఫ్, అంటే తేనె కలిపిన మీగడ రంగు. 13వ వాళ్ల సంచి కూడా బఫే. అంటే వాళ్ల ఫోటోలో కాలరు, సంచి ఒకే షేడులో, రెండూ కోటు కన్నా తేలిగ్గా పడాలి. మన ఫోటోలో కాలరు కోటు కన్నా నల్లగా ఉంది, సంచి కోటు కన్నా తెల్లగా ఉంది. ఒకటి ఎరుపు, ఒకటి నీలం అయితే తప్ప ఈ జత కుదరదు. 3వ హుస్సార్ల సంచి గార్టర్ బ్లూ అనే ఒక రకం నీలం, కాలరు ఎరుపు, కుచ్చు తెలుపు. మూడూ సరిపోయాయి.

అయినా అక్కడితో తేల్చేయలేదు. కారణం బ్యాండు. సైనికుల యూనిఫాం నిబంధనల పుస్తకం చూసి బ్యాండు వాళ్ల బట్టలు తేల్చడం ప్రమాదం. ఆ శతాబ్దంలో బ్యాండు ఖర్చు చాలా వరకు రెజిమెంటు ఆఫీసర్ల చందాలతో నడిచేది. డబ్బు పెట్టేవాళ్లు తమ బ్యాండు పక్క రెజిమెంటు బ్యాండు కన్నా దర్జాగా ఉండాలని కోరుకుంటారు. అందుకని సైనికుల టోపీకి తెల్ల కుచ్చు ఉంటే బ్యాండుకి ఎర్ర కుచ్చు పెట్టడం, అదనపు అల్లికలు కుట్టించడం మామూలు. అంతకు ముందైతే వాద్యగాళ్లు తిరగేసిన రంగులే వేసేవారు: రెజిమెంటు కోటు ఎరుపు, కాలరు పసుపు అయితే వాళ్ల కోటు పసుపు, కాలరు ఎరుపు. యుద్ధంలో ఆజ్ఞలు ఊదే ట్రంపెటర్ దూరం నుంచే కనపడాలన్నది దాని మూలం. కాబట్టి సంచి, కుచ్చు ఒక్కటే చూసి సంతకం పెట్టకూడదు. వేరే సాక్ష్యం కావాలి.

అది తేమ మరక కింద దొరికింది.

మరక కింద వెండి

గుర్రపు దళం బ్యాండు ఫోటో వస్తే నేను మొదట వెతికేది నగారాలను. గుర్రానికి అటొకటి ఇటొకటి కట్టిన జంట నగారాలు, వాటికి చుట్టిన ఎంబ్రాయిడరీ గుడ్డలు. 1834లో తేలిక గుర్రపు దళాల జెండాలు తీసేశారు. జెండా లేని రెజిమెంటుకి గెలిచిన యుద్ధాల పేర్లు చూపించుకునే చోటు ఆ నగారా గుడ్డలే. అక్షరాలు చదవగలిగితే రెజిమెంటు పేరు చేతికి వచ్చినట్టే.

ఈ ఫోటోలో నగారాలు కుడిమూలన మరక కింద ఉన్నాయి. మరక తీయడానికి ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానళ్లను విడివిడిగా చూశాం. తేమ మరక నీలం ఛానల్లో ఘోరంగా, ఎరుపు ఛానల్లో అతి తక్కువగా కనపడుతుంది. ఎరుపు ఛానల్నే ఆధారం చేసుకుని ఆ మూల తిరిగి కట్టాం. రెండు పెద్ద నగారాలు బయటపడ్డాయి. గుడ్డ లేదు. లోహం మీద చెక్కడం మసకమసకగా కనపడుతోంది. వాటి వెనక నిలబడ్డ మనిషి మెడ దగ్గర, వాట్సాప్ బొమ్మలో కాగితం చెక్కు లేచిందేమో అనిపించిన తెల్లటి చార. పెద్దది చేస్తే అంచులు నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. మెడ చుట్టూ లోహం. మన ఆడవాళ్లు మెడకి బిగుతుగా పెట్టుకునే పట్టెడ లాంటిది, కాకపోతే బాగా వెడల్పు.

3వ హుస్సార్ల సంగతి తెలిసినవాళ్లకి ఇక చెప్పక్కర్లేదు. 1743లో డెట్టింగెన్ యుద్ధంలో, రెండో జార్జి రాజు స్వయంగా సేన నడిపిన చోట, ఈ రెజిమెంటు పూర్వీకులైన కింగ్స్ ఓన్ డ్రాగూన్లు ఫ్రెంచి వాళ్ల వెండి నగారాలు గెలుచుకున్నారు. అందుకే వీళ్ల నగారాలకి గుడ్డ చుట్టరు, వెండి కనపడాలి. 1772లో కర్నల్ ఫిట్జ్‌రాయ్ భార్య నగారా వాయించేవాడికి వెండి కంఠపట్టీ ఒకటి బహూకరించింది, ఆ తర్వాత దాన్ని వాయించేవాడు మెడకి పెట్టుకోవడం వాళ్ల ఆనవాయితీ అయింది. గుడ్డ లేని నగారాలు, మెడలో వెండి, ఎర్ర కాలరు, నీలం సంచి. నాలుగూ ఒకే చోట ఇంకెక్కడా కలవవు.

పద్ధతిగా ఆవిడకి ముక్కల ఫోటో, నీలం ఛానల్ ఫోటో, బాగుచేసిన మూల, మూడూ పెట్టి మెయిల్ రాశాను. రిప్లై వెంటనే వచ్చింది. "మీరు చెప్పింది అర్థమైందండీ. మా మామగారు ఒప్పుకోరేమో. చిన్నప్పటి నుంచి టెన్త్ అనే విన్నారట." రికార్డులు చూడమన్నాను. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో సైనికుల డిశ్చార్జి కాగితాలు డబ్ల్యూఓ 97 వరుసలో ఉంటాయి. రెజిమెంటు పేరు తెలిస్తే వెతకడం తేలిక. ఈలోపు రంగుల పని మొదలుపెట్టాం.

మనుషులు

ముందు వరుస మధ్యలో కుర్చీలో కూర్చున్నాయన ఛాతీ తాళ్లు మిగతావాళ్లవి కన్నా తెల్లగా మెరుస్తున్నాయి. పనితనం అంతే, మెరుపు మాత్రం వేరు. మిగతావాళ్లది పసుపు తాడు, ఆయనది బంగారు జరీ. ఆయన బ్యాండ్‌మాస్టర్. శతాబ్దం మొదటి సగంలో ఆ కుర్చీలో తరచుగా ఒక జర్మన్ పౌరుడు ఉండేవాడు, ఆఫీసర్లు జీతమిచ్చి పెట్టుకున్న వాడు. ఎవరి బ్యాండు వాళ్లది, ఎవరి పద్ధతి వాళ్లది. 1854లో టర్కీలోని స్కుటారిలో రాణి పుట్టినరోజు పరేడులో బ్యాండులన్నీ కలిసి జాతీయగీతం వాయిస్తే ఒక్కో బ్యాండు ఒక్కో శ్రుతిలో అందుకుందని చెప్పుకుంటారు. ఆ నగుబాటు తర్వాత, సైన్యాధిపతి కేంబ్రిడ్జ్ డ్యూక్ పట్టుదలతో, 1857లో ట్వికెన్‌హాం దగ్గర నెల్లర్ హాల్‌లో మిలిటరీ సంగీత పాఠశాల మొదలైంది. సైన్యం తన బ్యాండ్‌మాస్టర్లను తానే తయారుచేసుకోవడం అలా అలవాటైంది, 1881లో వాళ్లకి వారంట్ ఆఫీసర్ హోదా కూడా వచ్చింది.

పిల్లలూ ఉన్నారు. ముందు వరుసలో చాప మీద కూర్చున్న ఇద్దరు పద్నాలుగు, పదిహేను ఏళ్లకి మించరు. అప్పట్లో చెల్సీలో ఉన్న డ్యూక్ ఆఫ్ యార్క్ పాఠశాల, డబ్లిన్‌లో ఉన్న హిబర్నియన్ పాఠశాల సైనికుల పిల్లలవి, తండ్రిలేని వాళ్లు ఎక్కువ. అక్కడ వాద్యం నేర్చుకున్న పిల్లలు పద్నాలుగేళ్లకే బ్యాండుల్లో చేరేవారు. ఇద్దరి చేతుల్లోనూ క్లారినెట్టే.

ముఖాల దగ్గర కలరైజర్ చేసిన పని మరీ అన్యాయం. సగం మందికి ముదురు గోధుమ చర్మం వేసింది. ఎండకి కందిన ఎర్ర ముఖం ఆ ప్లేటు మీద నల్లగా పడుతుంది, మచ్చలు రెట్టింపు కనపడతాయి, నీలి కళ్లు గాజుగోళీల్లా తెల్లబడతాయి. అయితే గుడ్డిగా అందరికీ తెల్ల చర్మం వేసేయకూడదు. బ్రిటిష్ గుర్రపు దళాల్లో పద్దెనిమిదో శతాబ్దంలో, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో నల్లజాతి ట్రంపెటర్లు, నగారా వాయించేవాళ్లు చాలామందే ఉండేవారు, చిత్రాల్లోనూ కనపడతారు. అందుకని ప్రతి ముఖాన్నీ చూశాం. బస్బీ తీసి మోకాలి మీద పెట్టుకున్న ఒకాయన నుదురు పైభాగం పాలలా ఉంది, కింద ముఖం నలుపు, మధ్యలో ఏటవాలు గీత. రోజువారీ చిన్న గుండ్రటి టోపీని ఒక పక్కకి వాల్చి పెట్టుకోవడం వల్ల ఎండ గీసిన గీత అది. మిగతావాళ్లవి చెవి వెనక, గడ్డం కింద చూసి తేల్చాం.

రంగు ఎక్కించడం

మామూలు పద్ధతిలో కలర్ మోడ్ లేయర్ వేస్తే కింద ఉన్న వెలుగునీడలు అలాగే ఉండి, పైన రంగు మాత్రం మారుతుంది. పెళ్లి ఫోటోలకి అది చాలు. ఇక్కడ నల్లగా పడిన కాలరు మీద ఎరుపు వేస్తే ఎండిన వక్క రంగు వస్తుంది. కాబట్టి రంగు కన్నా ముందు వెలుగు సరిచేయాలి. మన గుడ్డ ముక్కల్నే మళ్లీ తెరిచాం: ఎర్ర గుడ్డ నీలం ఛానల్లో ఎంత నలుపు, కంటికి కనపడే గ్రేలో ఎంత. ఆ తేడాని వెలుగు సరిచేసే ఒక కర్వ్‌గా కట్టి, కాలర్ల వరకే పట్టేలా మాస్కు పెట్టి వేశాం. సంచికి అదే పని తలకిందులుగా, కాస్త ముదురు చేయాలి.

తాళ్లే చంపేశాయి. పసుపు తాడు కోటులో కలిసిపోయింది కాబట్టి ఆటోమేటిక్ సెలక్షన్ ఏదీ పట్టదు. ఉబ్బు మీది సన్నటి వెలుగుగీత పట్టుకుని పెన్ టూల్‌తో ఒక్కో తాడూ గీయాలి. మనిషికి ఛాతీ మీద ఆరు వరుసలు, ముంజేతి మీద ముడి. వెనక వరుస వాళ్లవి సగం సగమే కనపడతాయి. మా కుర్రాడు చేయి తిరిగినవాడు కాబట్టి వాడికే ఇచ్చాను. తాడు వెలుగు పెంచినప్పుడు కింద గ్రెయిన్ (ఫోటోలోని సన్న చుక్కలు) కూడా లేస్తుంది, దాన్ని కొంచెమే తగ్గించాం. నున్నగా చేస్తే ప్లాస్టిక్ తాడులా ఉంటుంది. కాలరు మడతల్లో వివరం ప్లేటులోనే లేని చోట కొత్త మడతలు గీయలేదు, చదునుగానే వదిలేశాం.

వెండికి రంగే వేయలేదనుకోవచ్చు. నగారాల కింది సగంలో కోటు నీలం ఛాయ, పక్కన ఇటుక ఛాయ ఒక్క పిసరు, పైభాగం కాగితం తెలుపు. చెక్కడం గీతలు చదవడానికి వీల్లేనంత మసక. పాత నమూనా ఒకటి చూసి వాటిని దిద్దొచ్చు, మా కుర్రాడు దిద్దుదామన్నాడు కూడా. వద్దన్నాను.

ఆవిడకి రెండు ఫైళ్లు వెళ్లాయి: మరకలు తీసిన నలుపు తెలుపు ఒకటి, రంగులది ఒకటి. వెంట ఒక పేజీ కాగితం. కాలరు, సంచి, కుచ్చు, కోటు, తాళ్లు, వెండి: వీటికి ఆధారం ఉంది. జుట్టు, కళ్లు, ఇటుక గోడ, పిల్లల కింద చాప: ఇవి మా అంచనా. తాతగారు ఏ కుర్రాడో చెప్పమని అడిగారు. క్లారినెట్లు రెండు, పిల్లలిద్దరు, పెద్దయ్యాక తీసిన ఇంకో ఫోటో వాళ్ల దగ్గర లేదు. ముఖాలు పోల్చే యాప్ పెడితే ఏదో ఒక శాతం చెబుతుంది, దాన్ని నేను కాగితం మీద పెట్టను. నగారా వాయించేవాడు మాత్రం కాదని రాశాను, ఎందుకంటే పుట్టినరోజు బ్యానరుకి ఆ వెండి పట్టీ మనిషినే కత్తిరించి వాడదామని వాళ్లింట్లో ఒక ఆలోచన నడుస్తోంది.

క్యాప్షన్ మీద కొంచెం పేచీ వచ్చింది. మామగారి కోసం "10వ హుస్సార్లు" అనే ఉంచమని అడిగారు. క్యాప్షన్ లేకుండా ఇస్తాను, అది మాత్రం రాయను అన్నాను. పుట్టినరోజుకి క్యాప్షన్ లేని ప్రింటే వెళ్లింది. తర్వాత ఆవిడ భర్త క్యూలో డిశ్చార్జి కాగితం తీయించారు. 3వ హుస్సార్లు, కుర్రాడిగా చేరిక, బ్యాండు. కింద "3వ హుస్సార్ల బ్యాండు" అని వేసి మళ్లీ ఫైలు పంపాను. పెద్దాయనకి విషయం చెప్పారో లేదో నేను అడగలేదు.